షుగరుతో కన్ను దెబ్బతిన్నవాళ్ళు థైరాయిడ్ పరీక్ష ఎలా చేయించుకోవాలి, రిపోర్టును ఎలా చదువుకోవాలి

రెటీనా దెబ్బతిందని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఇంట్లో అందరి ధ్యాసా కంటి మీదే ఉంటుంది. లేజర్ ఎప్పుడు, కంట్లో సూది ఎన్నిసార్లు, చూపు మళ్ళీ వస్తుందా అన్నవే ప్రశ్నలు. అవి అడగవలసిన ప్రశ్నలే. అయితే షుగరుతో కన్ను దెబ్బతిన్న మనిషికి గుండెజబ్బు, పక్షవాతం, కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం, షుగరు ఉన్నా కన్ను బాగున్న మనిషికన్నా ఎక్కువ. కంటి వెనకపొరలో సన్నటి రక్తనాళాలు చెడిపోయాయంటే, డాక్టరు కంటికి కనిపించని మిగతా చోట్ల కూడా అవి చెడుతూ ఉండవచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో థైరాయిడ్ హార్మోనుది చిన్న పాత్రే. కానీ దాన్ని పట్టించుకోకపోతే షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీ రిపోర్టుల్లోని అంకెలు మనల్ని పక్కదారి పట్టిస్తాయి. తక్కువ ఖర్చుతో తెలిసిపోయేది, చాలామందిలో రోజుకొక మాత్రతో సరిపోయేది కనుక దీన్ని వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో షుగరు ఉండి, కంటి పరీక్ష కాగితం మీద "డయాబెటిక్ రెటినోపతి" అని రాయించుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వాళ్ళను ఆసుపత్రులకు తిప్పే కూతుళ్ళు, కొడుకులు, కోడళ్ళ కోసం కూడా. మందుల మోతాదును ఇది చదివి మార్చుకోవద్దు. డాక్టరును ఏం అడగాలో, ఇంట్లో ఏం చూసుకోవాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

షుగరుతో వచ్చే ఈ కంటి జబ్బు, థైరాయిడ్ తక్కువ కావడం, ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం అరుదేమీ కాదు. 2013లో వెలువడిన ఎనిమిది నగరాల అధ్యయనంలో మన దేశపు పట్టణాల్లోని పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉన్నట్టు తేలింది. 2022లో వెలువడిన మరో జాతీయ స్థాయి అధ్యయనంలో, 40 ఏళ్ళు దాటిన షుగరు రోగుల్లో దాదాపు 12.5 శాతం మందికి రెటినోపతి ఉంది.

మొదట: ఏది తేలింది, ఏది తేలలేదు

థైరాయిడ్ కొద్దిగా తక్కువైన దశలో, అంటే థైరాయిడ్‌ను పని చేయమని పిట్యూటరీ గ్రంథి పంపే టీఎస్‌హెచ్ పెరిగి, థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోను ఇంకా మామూలుగానే ఉన్న దశలో ఉన్న షుగరు రోగుల్లో రెటినోపతి ఎక్కువగా కనిపిస్తోందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. టీ3 హార్మోను తక్కువగా ఉన్నవాళ్ళలో కంటి జబ్బు ముదిరి ఉండడం, మొత్తం ఆరోగ్యం కూడా బలహీనంగా ఉండడం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది.

ఇక్కడే చాలామంది ఒక మెట్టు దాటి దూకేస్తారు. "అయితే థైరాయిడ్ మాత్ర వేసుకుంటే కన్ను బాగవుతుందా?" అని అడుగుతారు. థైరాయిడ్ మాత్ర రెటినోపతిని ఆపుతుందని నిరూపించిన ప్రయోగం లేదు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. ముఖ్యంగా టీ3 సంగతి వేరు. మన ఒంట్లోని టీ3లో ఎక్కువ భాగం థైరాయిడ్ గ్రంథిలో నేరుగా తయారు కాదు, టీ4 మిగతా కణాల్లోకి వెళ్ళాక అక్కడ టీ3గా మారుతుంది. ఒళ్ళు బాగాలేనప్పుడు, తిండి తగ్గినప్పుడు, షుగరు అదుపు తప్పినప్పుడు, కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు ఆ మార్పు మందగిస్తుంది. అప్పుడు గ్రంథికి ఏ జబ్బూ లేకపోయినా టీ3 పడిపోతుంది. అది జబ్బు తీవ్రతను చూపించే థర్మామీటరు లాంటిది. థర్మామీటరును చన్నీళ్ళలో ముంచితే అంకె తగ్గుతుంది గాని జ్వరం తగ్గదు. టీ3 మాత్రలు మింగి ఆ అంకెను పైకి లాగడం కూడా అంతే. పైగా గుండె దడ అదనం.

పరీక్ష మీకు అవసరమా?

టైప్ 1 షుగరు ఉంటే తప్పనిసరిగా కావాలి. ఒంటి రక్షణ వ్యవస్థ క్లోమం మీద దాడి చేసినట్టే థైరాయిడ్ మీద కూడా దాడి చేసే అవకాశం వాళ్ళలో ఎక్కువ. జబ్బు బయటపడి షుగరు కాస్త కుదురుకున్నాక ఒకసారి, తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి టీఎస్‌హెచ్ చూడాలన్నది స్థిరపడిన పద్ధతి.

టైప్ 2 వాళ్ళందరికీ ఏటా చేయాలన్న నియమం లేదు. కానీ కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా మీ డాక్టరును అడగండి. మందు వాడుతున్నా చెడు కొలెస్ట్రాల్ దిగకపోవడం. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక తొడలు, పిక్కలు నొప్పులు పుట్టడం. తిండి మారకుండానే బరువు పెరగడం లేదా తగ్గడం. మలబద్ధకం, పొద్దున్నే ముఖం ఉబ్బడం, చలికి తట్టుకోలేకపోవడం, గొంతు బొంగురుపోవడం. దడ, చేతుల వణుకు. మెడ ముందు వాపు. తల్లికో అక్కకో థైరాయిడ్ ఉండడం. యాభై దాటిన ఆడవాళ్ళయితే ఈ గుర్తుల కోసం చూడకుండా ఒకసారి చేయించుకోవడం మంచిది.

ఈ గుర్తుల్లో సగం "షుగరు వల్లే" అని కొట్టిపారేసే రకం. నీరసంగా ఉందంటే షుగరు, కాళ్ళు వాచాయంటే షుగరు, మతిమరుపంటే వయసు. ఇంట్లో పెద్దావిడ రోజంతా మంచం దిగడం లేదంటే చూపు తగ్గిందని దిగులు పడుతోందనుకుంటారు. అది నిజం కావచ్చు. థైరాయిడ్ తక్కువైనప్పుడు కూడా మనిషి అచ్చం అలాగే ఉంటుంది కనుక రక్తపరీక్ష చేయించాకే ఆ మాట అనుకోండి.

పరీక్షకు ముందు వారం

మీరు వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి, అట్టల మీద ఏముందో చదివించండి. వెతకవలసిన మాట బయోటిన్. అరికాళ్ళ మంటలకు, తిమ్మిర్లకు షుగరు రోగులకు రాసే నరాల విటమిన్ మాత్రల్లో చాలావాటిలో బయోటిన్ ఉంటుంది. జుట్టు ఊడకుండా వాడే మాత్రల్లో మరీ ఎక్కువ. ఇది ఒంటికి హాని చేయదు గాని, కొన్ని ల్యాబ్ యంత్రాల్లో థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4, టీ3లను ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ అసలే తక్కువగా ఉన్న మనిషికి అంతా బాగున్నట్టు, బాగున్న మనిషికి థైరాయిడ్ ఎక్కువైనట్టు రిపోర్టు వస్తుంది. అందుకని పరీక్షకు కనీసం 2 రోజుల ముందు నుంచి బయోటిన్ ఉన్న మాత్ర ఆపండి. డాక్టరు ఇంకా ఎక్కువ రోజులు ఆపమంటే ఆయన చెప్పినట్టే చేయండి. షుగరు, బీపీ మాత్రలు మాత్రం ఆపకండి.

జ్వరంలోనో, పుండు చీము పట్టి ఆసుపత్రిలో ఉన్నప్పుడో, స్టెరాయిడ్ కోర్సు నడుస్తున్నప్పుడో చేసిన థైరాయిడ్ పరీక్షను నమ్మలేం. కోలుకున్న కొన్ని వారాల తర్వాత చేయించుకోండి. గుండెకు యాంజియోగ్రామ్ గాని, రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ గాని ఈ మధ్య జరిగి ఉంటే చెప్పండి. ఆ మందులో అయోడిన్ ఉంటుంది, థైరాయిడ్‌ను కొన్ని వారాల పాటు కదిలిస్తుంది. కంటి ఫొటోలు తీసేటప్పుడు చేతి నరానికి ఎక్కించే పసుపు రంగు ఫ్లోరెసిన్‌లో అయోడిన్ లేదు, దాని గురించి దిగులు వద్దు. గుండె లయ తప్పినందుకు అమియోడరోన్ వాడుతుంటే అది తప్పక చెప్పాలి. ఆ మాత్ర నిండా అయోడినే.

పరీక్ష రోజు

ఉదయం పూట వెళ్ళండి. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఒకసారి ఉదయం ఏడింటికి, మరోసారి సాయంత్రం ఐదింటికి ఇస్తే రెండు రిపోర్టులనూ పోల్చి చూడలేం. ఎప్పుడు చేయించుకున్నా దాదాపు ఒకే వేళకు, వీలైతే ఒకే ల్యాబులో చేయించుకోండి.

థైరాయిడ్ కోసమే అయితే పరగడుపు తప్పనిసరి కాదు. కానీ పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ కూడా అదే సూదితో ఇచ్చేస్తే పని కలిసివస్తుంది. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సులో పట్నానికి వచ్చేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గాని ఇంట్లో వేసుకుని, ఏమీ తినకుండా రెండు గంటలు ప్రయాణం చేయకండి. షుగరు పడిపోతుంది. మందు, టిఫిను రెండూ వెంట తెచ్చుకుని, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకుని తినండి. థైరాయిడ్ మాత్ర ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఆ పూట మాత్ర కూడా రక్తం ఇచ్చాకే వేసుకోండి.

ల్యాబులో "థైరాయిడ్ ప్రొఫైల్" అని అడిగితే చాలాచోట్ల మొత్తం టీ3, మొత్తం టీ4, టీఎస్‌హెచ్ చేసి ఇస్తారు. మీకు కావలసింది టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. చీటీ మీద "ఫ్రీ" అన్న మాట ఉండేలా చూసుకోండి. ఫ్రీ అంటే ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న హార్మోను. మొత్తం టీ4 అంకె రక్తంలో హార్మోనును మోసే ప్రొటీన్ల మీద ఆధారపడుతుంది. కన్ను దెబ్బతిన్న షుగరు రోగుల్లో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పోతుంటుంది. అది బాగా ఎక్కువైతే ఆ మోసే ప్రొటీన్లూ పోతాయి, మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది. గర్భం దాల్చినప్పుడు దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది.

ఒంటి మొత్తానికీ అరవై డెబ్భై పరీక్షలని ఊరిస్తూ అమ్మే ప్యాకేజీల జోలికి పోవద్దని నా సలహా. అందులో సగం మీకు అక్కరలేదు, కావలసిన ఫ్రీ టీ4 ఉండకపోవచ్చు. ఆ డబ్బుతో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగరు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత చూపే అంకె), మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, హిమోగ్లోబిన్ చేయించుకుంటే మీ కంటికీ గుండెకూ కిడ్నీకీ పనికొచ్చే సమాచారం అంతా వస్తుంది.

రిపోర్టు చదవడం

టీఎస్‌హెచ్ అంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు ఇచ్చే ఆజ్ఞ. థైరాయిడ్ మందగిస్తే ఆజ్ఞ గట్టిగా వస్తుంది, అంకె పెరుగుతుంది. థైరాయిడ్ మితిమీరితే ఆజ్ఞ ఆగిపోతుంది, అంకె పడిపోతుంది. అందుకే టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉందంటే "థైరాయిడ్ ఎక్కువైంది" అనుకోకూడదు, తగ్గిందని అర్థం. పెద్దవాళ్ళలో మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు. ఫ్రీ టీ4 సుమారు 0.8 నుంచి 1.8 నానోగ్రాములు. ల్యాబును బట్టి హద్దులు మారతాయి కనుక మీ కాగితం మీద అచ్చు వేసినదే మీకు ప్రమాణం. ఫ్రీ టీ4 విలువ 13, 15 అని కనిపిస్తే బెంబేలు పడకండి, కొన్ని ల్యాబులు పికోమోల్ లెక్కలో ఇస్తాయి. దాన్ని 12.87తో భాగిస్తే నానోగ్రాముల లెక్క వస్తుంది.

టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ: థైరాయిడ్ నిజంగానే మందగించింది. చికిత్స కావాలి, ఇందులో చర్చ లేదు.

టీఎస్‌హెచ్ తక్కువ, ఫ్రీ టీ4 గాని టీ3 గాని ఎక్కువ: థైరాయిడ్ మితిమీరింది, లేదా వాడుతున్న థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైంది, లేదా ఇందాక చెప్పిన బయోటిన్ పని. ముందు ఆ చివరిది కాదని తేల్చుకోండి. నిజంగానే ఎక్కువైతే షుగరు పెరుగుతుంది, గుండె లయ తప్పవచ్చు, ఎముకలు పలచబడతాయి. త్వరగా డాక్టరును కలవాలి.

టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువ, ఫ్రీ టీ4 మామూలు: షుగరు, కంటి జబ్బు రెండూ ఉన్నవాళ్ళలో తరచుగా ఎదురయ్యే ఫలితం ఇదే, తొందరపాటు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. ఒక్క రిపోర్టు చూసి జీవితాంతపు మాత్ర మొదలుపెట్టకూడదు. రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాలి, దానితోపాటు ఒంటి రక్షణ వ్యవస్థ థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే టీపీఓ యాంటీబాడీ పరీక్ష కూడా. చాలామందిలో రెండోసారి అంకె దానంతట అదే దిగుతుంది. రెండోసారీ 10 దాటితే సాధారణంగా మందు ఇస్తారు. 10 లోపు ఉంటే వయసు, లక్షణాలు, గుండె పరిస్థితి, యాంటీబాడీలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ సహజంగానే కొంచెం పెరుగుతుంది. 65 దాటినవాళ్ళకు ఈ దశలో లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ తక్కువైతే ఇచ్చే మాత్ర) ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. నీరసం గాని, ఇతర లక్షణాలు గాని మాత్రతో తగ్గలేదు. డెబ్భై అయిదేళ్ళ తాతగారికి 5.8 వచ్చిందని ఇంటిల్లిపాదీ కంగారు పడనక్కర్లేదు.

టీఎస్‌హెచ్ మామూలు, టీ3 మాత్రమే తక్కువ: పైన చెప్పిన థర్మామీటరు సంగతి ఇది. థైరాయిడ్‌కు మందు వద్దు. షుగరు, కిడ్నీ, తిండి, ఏదైనా దాగి ఉన్న ఇన్‌ఫెక్షన్ వీటిని వెతకాలి. కాలి పుండు చూసుకోండి. కన్ను సరిగా కనిపించనివాళ్ళు తమ అరికాలి పుండును తామే చూసుకోలేరు, ఇంట్లో మరొకరు చూడాలి.

థైరాయిడ్ తేడా ఉంటే మిగతా రిపోర్టులు మళ్ళీ చదవాలి

నన్నడిగితే మొత్తంలో ఎక్కువ ఉపయోగపడేది ఈ అడుగే. కంటి జబ్బు ముదరకుండా ఆపేవి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ. ఈ నాలుగింటి అంకెల్లోనూ థైరాయిడ్ వేలు పెడుతుంది.

హెచ్‌బీఏ1సీ. థైరాయిడ్ తక్కువైతే ఎర్ర రక్తకణాలు మెల్లగా మారతాయి. పాత కణాలు ఎక్కువ రోజులు రక్తంలో ఉంటాయి కనుక వాటికి చక్కెర ఎక్కువగా అంటుకుంటుంది, అసలు షుగరు పెరగకపోయినా ఈ అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనత కూడా అదే చేస్తుంది. ఇంట్లో గ్లూకోమీటరు 140, 150 చూపిస్తుంటే హెచ్‌బీఏ1సీ 9 వచ్చిందనుకోండి. ఆ రెండింటికీ పొత్తు కుదరడం లేదని డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే మందు పెంచుతారు, షుగరు పడిపోతుంది. థైరాయిడ్ తక్కువైనవాళ్ళలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కొలెస్ట్రాల్. థైరాయిడ్ తగ్గితే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే స్టాటిన్ మాత్రల వల్ల కండరాలు దెబ్బతినే అవకాశం కూడా పెరుగుతుంది. రక్తంలో కొవ్వు తగ్గించే మరో మాత్ర ఫెనోఫైబ్రేట్ సంగతి కంటి రోగులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2007, 2010లలో వచ్చిన రెండు పెద్ద ప్రయోగాల్లో, 2024లో ఫలితాలు వెలువడిన స్కాట్లాండ్ ప్రయోగంలో ఈ మాత్ర రెటినోపతి ముదరడాన్ని కొంత నెమ్మదింపజేసింది. మీ డాక్టరు దీన్ని మొదలుపెట్టాలనుకుంటే ముందు టీఎస్‌హెచ్, క్రియాటినిన్ చూశారా అని అడగండి. థైరాయిడ్ బాగా తక్కువగా ఉండగా స్టాటిన్, ఫెనోఫైబ్రేట్ రెండూ కలిస్తే కండరాలకు ముప్పు. చాలామంది ఒళ్ళు నొప్పులని స్టాటిన్ మానేస్తారు. మానేసే ముందు టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్ సరిచేశాక అదే మాత్ర హాయిగా పడినవాళ్ళు ఉన్నారు.

క్రియాటినిన్. థైరాయిడ్ బాగా తగ్గితే కిడ్నీల వడపోత తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది. మందుతో థైరాయిడ్ కుదురుకుంటే ఆ భాగం వెనక్కి వస్తుంది. షుగరు వల్ల జరిగిన నష్టం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి థైరాయిడ్ సరయ్యాక క్రియాటినిన్ మళ్ళీ చూపించుకుని, అప్పుడు కిడ్నీ ఏ దశలో ఉందో తేల్చుకోవాలి.

బీపీలో కింది అంకె కూడా థైరాయిడ్ తగ్గినప్పుడు పెరుగుతుంది.

మాత్ర రాసిస్తే

లెవోథైరాక్సిన్ చిన్న మాత్ర, పద్ధతి మాత్రం పట్టింపు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తీసుకోకూడదు. మన జిల్లాల్లో దీనికి పెద్ద అడ్డంకి పొద్దుటి కాఫీ. లేవగానే కాఫీ పడకపోతే తల పగిలిపోతుందనే ఇళ్ళు చాలా. మాత్రను కాఫీతోనే మింగేస్తారు. కాఫీ ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు, టీఎస్‌హెచ్ దిగదు, డాక్టరు మోతాదు పెంచుతారు. మంచం పక్కన రాత్రే మాత్ర, చెంబులో నీళ్ళు పెట్టుకోండి. మెలకువ రాగానే వేసుకుని, స్నానం, పూజ, వాకిలి పని ముగించుకుని వచ్చి కాఫీ తాగండి. అదీ కుదరదంటే డాక్టరును అడిగి రాత్రి పడుకునే ముందుకు మార్చుకోవచ్చు. అప్పుడు భోజనానికీ మాత్రకూ మధ్య 3 గంటలు ఉండాలి. రంజాన్ ఉపవాసాల నెలలో ముస్లిం కుటుంబాలకు ఈ రాత్రి పద్ధతి బాగా కుదురుతుంది. ఆ నెల మొదలయ్యేలోపే షుగరు మందుల వేళలతోపాటు దీన్ని కూడా డాక్టరుతో మాట్లాడుకోవాలి.

కాల్షియం, ఐరన్ మాత్రలకు దీనితో 4 గంటల ఎడం ఉండాలి. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్ళు ఆ సంగతి చెప్పాలి, అవి కూడా మాత్ర పట్టడాన్ని తగ్గిస్తాయి.

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఈ మందు వేడికి, వెలుతురుకు, చెమ్మకు బలం కోల్పోతుంది. కిటికీ గూట్లో, పొయ్యి పక్కన, బండి డిక్కీలో పెట్టకండి. చల్లటి గదిలో అలమర లోపల, దాని సొంత సీసాలోనే ఉంచండి. చూపు తక్కువైనవాళ్ళ ఇంట్లో మరో జాగ్రత్త: 25, 50, 100 మైక్రోగ్రాముల సీసాలు చూడడానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మూత మీద అంకెను దళసరి నల్ల సిరాతో పెద్దగా రాయండి. పాత మోతాదు సీసా ఇంట్లో ఉంచకండి.

వయసు మీరినవాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. "ఇంత చిన్న డోసా" అని దుకాణంలో అడిగి పెద్దది తెచ్చుకోకండి. ఒక్కసారిగా పెంచితే గుండె మీద భారం పడుతుంది. ఈ మందు సగం కరగడానికే దాదాపు వారం పడుతుంది కనుక, మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు గాని టీఎస్‌హెచ్ అసలు స్థాయి తెలియదు. రెండు వారాలకే పరీక్ష చేయిస్తే డబ్బు దండగ.

మాత్ర మొదలుపెట్టాక కొన్ని వారాలు షుగరును మామూలుకన్నా తరచుగా చూసుకోండి. ఒంటి పని పుంజుకునేకొద్దీ ఇన్సులిన్ అవసరం కొంత పెరగవచ్చు. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ లాంటి మందు వాడేవాళ్ళకు ఇది తిరగబడుతుంది. థైరాయిడ్ దిగేకొద్దీ షుగరు కూడా దిగుతుంది, పాత మోతాదే కొనసాగిస్తే షుగరు పడిపోతుంది.

తిండి విషయంలో భయాలు ఎక్కువ, నిజం తక్కువ. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో ఉడికించిన క్యాబేజీ, కాలీఫ్లవర్ తినవచ్చు. చేపల పులుసు మానక్కర్లేదు. షుగరు కోసం తగ్గించుకోవలసింది అందులోకి కలుపుకునే అన్నమే.

కంటి పనిని దీని కోసం ఆపకండి

థైరాయిడ్ రిపోర్టు రాలేదని లేజరు గాని, కంట్లో సూది గాని వాయిదా వేయకండి. ఆ రెండూ చూపును కాపాడతాయని దశాబ్దాల ప్రయోగాలు తేల్చాయి, థైరాయిడ్ మాత్రకు అలాంటి రుజువు లేదు. విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్) లాంటి పెద్ద ఆపరేషన్ అయితే మత్తు డాక్టరుకు థైరాయిడ్ సంగతి ముందే చెప్పాలి.

కంటి ముందు ఉన్నట్టుండి నల్లటి చుక్కలు, సాలెగూడు లాంటి పోగులు, తెర దించినట్టు చీకటి, చూపు హఠాత్తుగా తగ్గడం: ఇవి రెటీనా గుర్తులు. ఆ రోజే వెళ్ళాలి. కళ్ళు ముందుకు పొడుచుకు రావడం, రెప్పలు పైకి లాగినట్టు ఉండడం, ఒకటి రెండుగా కనిపించడం, రంగులు వెలిసినట్టు ఉండడం: ఇవి థైరాయిడ్ వల్ల వచ్చే మరో కంటి జబ్బు గుర్తులు. అది రెటినోపతి కాదు, దాని చికిత్స వేరు. షుగరు ఉన్నవాళ్ళలో ఈ జబ్బు కంటి నరాన్ని నొక్కే ప్రమాదం ఎక్కువ, పొగ తాగితే జబ్బు మరింత ముదురుతుంది. దీనికి స్టెరాయిడ్లు ఇస్తే షుగరు బాగా పెరుగుతుంది కనుక కంటి డాక్టరు, షుగరు డాక్టరు ఇద్దరికీ ఒకరి మందులు ఒకరికి తెలియాలి.

గర్భం దాల్చిన, దాల్చాలనుకుంటున్న షుగరు ఉన్న ఆడపిల్లలకు ఈ రెండు పరీక్షలూ తొందరగా కావాలి. గర్భంలో రెటినోపతి వేగంగా ముదరవచ్చు, థైరాయిడ్ మాత్ర అవసరం కూడా పెరుగుతుంది. గర్భం అని తెలిసిన వెంటనే టీఎస్‌హెచ్, మొదటి మూడు నెలల్లో కంటి పరీక్ష. తొమ్మిదో నెల దాకా ఆగవద్దు.

ఎక్కడికి, ఏం పట్టుకుని వెళ్ళాలి

థైరాయిడ్, షుగరు పరీక్షల కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండూ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నవే. అక్కడి ఓపీలో మెడిసిన్, కంటి విభాగాలు రెండింటికీ ఒకే ప్రయాణంలో చూపించుకునే ప్రయత్నం చేయండి. పెద్ద రెటీనా చికిత్సకు నెల్లూరు వైపువాళ్ళు చెన్నై శంకర నేత్రాలయకు, ఒంగోలు వైపువాళ్ళు విజయవాడ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్ళడం మామూలే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ చికిత్స వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి, ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. కంటి పాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడపకూడదు, తోడు ఒకరు ఉండాలి.

ఒక పొడవాటి నోటుపుస్తకం పెట్టండి. ఒక్కో పరీక్షకు ఒక వరుస: తేదీ, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హెచ్‌బీఏ1సీ, చెడు కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, బీపీ, కుడి కన్ను దశ, ఎడమ కన్ను దశ. చివరి గడిలో ఆ రోజు వాడుతున్న మందులు, బయోటిన్ ఆపారో లేదో. కంటి డాక్టరు రాసే దశ అర్థం కాకపోతే "కొద్దిగానా, మధ్యస్థమా, తీవ్రమా, కొత్త నాళాలు పుట్టాయా, మధ్యలో నీరు చేరిందా" అని అడిగి తెలుగులోనే రాయించుకోండి.

మాత్ర కుదురుకున్నాక టీఎస్‌హెచ్ ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చాలు. కన్ను మాత్రం డాక్టరు చెప్పిన గడువుకే. రెటినోపతి కొద్దిగా ఉంటే ఏడాదిలోపు, మధ్యస్థమైతే ఇంకా ముందు, తీవ్రమైతే రెండు మూడు నెలలకే రమ్మంటారు. ఆ తేదీని ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఇప్పుడే ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. ఆ రోజు తోడు వచ్చేదెవరో కూడా పక్కనే పేరు రాయండి.